కేసెట్లో ఎక్కని పాట

ప్రశ్న: మాస్టారూ, బ్రిటిష్ పంక్ రాక్ బ్యాండు ద క్లాష్ వాళ్ళ ‘లండన్ కాలింగ్’ ఆల్బమ్ వినమని మా రూమ్మేట్ ప్రాణం తీస్తున్నాడు. మూడు పాటలు విన్నాను. అన్నీ అరుపులే. పంక్ అంటే ఇంతేనా, నా చెవే సరిగా లేదా?
– ఓ ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: నీ చెవికేం కాలేదు నాయనా. నాకది ఎక్కడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది.

1988లో అల్లిపురంలో మా పక్కింటాయన షిప్పులో పనిచేసేవాడు. సెలవుకొస్తూ ఆ ఎల్పీ తెచ్చాడు. అట్టమీద ఒకడు నడుం వంచి గిటారు నేలకేసి బాదుతున్నాడు. వాయించడం రాక విసుగొచ్చిందేమో అనుకున్నాను. సిక్స్‌టీ కేసెట్లోకి ఎక్కించుకుని, అట్టమీదున్న పాటల పేర్లు రాసుకుని, మా టూ ఇన్ వన్‌లో పెట్టాను. ఇళయరాజా పాటలకి అలవాటు పడ్డ చెవులు నావి. వాళ్ళ సింగర్ జో స్ట్రమ్మర్ గొంతేమో బస్ కాంప్లెక్స్ దగ్గర “గాజువాక, గాజువాక” అని పిలిచే ఆటోవాడి గొంతులా ఉంది. మా అమ్మ “ఆ గోల కట్టరా” అంది. కట్టేశాను. తర్వాత అక్క పెళ్ళిలో సన్నాయి మేళాన్ని ఆ కేసెట్‌మీదే రికార్డు చేసేశాను.

2011లో మేనల్లుడి కార్లో భీమిలి వెళ్తున్నాం. తొట్లకొండ దాటామో లేదో ఓ బేస్ గిటారు మంద్రంగా మొదలైంది. బరువుగా, తాపీగా, జమైకా వాళ్ళ రెగే నడక. సీటు కింద గుండె కొట్టుకున్నట్టుంది. “ఎవర్రా ఇది?” అన్నాను. అదే ఆల్బమట, ‘ద గన్స్ ఆఫ్ బ్రిక్స్‌టన్’ అట. “ఇది నేను వినలేదే!” అన్నాను.

ఇంటికొచ్చి లెక్క వేస్తే విషయం తెలిసింది. ఆల్బమ్ 19 పాటలు, 65 నిమిషాలు. నా కేసెట్ 60, సైడుకి ముప్పై. ఎ సైడ్ చివర రావాల్సిన ఆ పాట అసలు ఎక్కనే లేదు. బి సైడ్ చివర, బ్యాండులో ఇంకో గాయకుడు మిక్ జోన్స్ పాడిన ‘ట్రెయిన్ ఇన్ వెయిన్’ సగంలో తెగిపోయింది. అట్టలు అచ్చయ్యాక ఆఖరి నిమిషంలో చేర్చిన పాట అది, అందుకే జాబితాలో పేరే లేదు. పోయిందని కూడా నాకు తెలీదు! పైగా మా టూ ఇన్ వన్‌ది అరచేతంత స్పీకరు. అందులో బేస్ ఎక్కడ పలుకుతుంది? గొంతూ గీకుడూ తప్ప ఏమీ వినపడేది కాదు. ఇళయరాజా పాటల్లో బేస్‌కి చెవులప్పగించేవాణ్ణి, ఇక్కడ మాత్రం గొంతు దగ్గరే ఆగిపోయాను.

అట్టమీద గిటారు బాదుతున్నవాడు పాల్ సిమనన్. అది బేస్ గిటారే. బ్యాండులో చేరేనాటికి అతనికి బేస్ వాయించడం రాదు. సౌత్ లండన్‌లో రెగే వింటూ పెరిగాడు. నన్ను పట్టేసిన ఆ పాట రాసిందీ పాడిందీ అతనే.

కాబట్టి ఫోన్ స్పీకర్లో వినకు. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముందు సిమనన్ పాట, తర్వాత మిక్ జోన్స్ పాడిన ‘లాస్ట్ ఇన్ ద సూపర్‌మార్కెట్’ విను. అందులో అరుపులే లేవు. టైటిల్ పాట ఆఖర్న. ‘కోకా కోలా’ నేనిప్పటికీ దాటేస్తాను, నువ్వూ దాటెయ్. అప్పటికీ నచ్చకపోతే మానెయ్, రూమ్మేట్ ఏమన్నా అనుకోనీ.

ఆ కేసెట్ ఇంకా నా దగ్గరుంది. బి సైడ్‌లో సన్నాయి ఆగిపోయాక చిన్న టక్‌మన్న చప్పుడు, ఆ తర్వాత మిక్ జోన్స్ ఓ నిమిషం పాడి, మాట మధ్యలో ఆగిపోతాడు.