‘వ్యవసాయ ప్రధాన దేశం’తో మొదలుపెట్టకు

విజయనగరం

అమ్మాయీ,

నీ ఉత్తరం, రెండు వ్యాసాల చిత్తుప్రతులు అందాయి. సెమిస్టర్ ముగింపుకొచ్చింది, మూడు వ్యాసాలు ఇవ్వాలి, కథ రాయడానికి తీరిక దొరకడం లేదని వాపోయావు. కథను పక్కన పెట్టు. పరీక్షలయ్యేదాకా అది ఎక్కడికీ పోదు. వ్యాసాల సంగతి చూద్దాం.

కిందటిసారి నువ్వు పంపిన కథలో, పలాసలో జీడిపప్పు తీసే ఆవిడ అన్నం కలుపుకునే ముందు వేళ్లు వాసన చూసుకుంటుంది. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఇప్పుడు అదే పలాస మీద ఎకనామిక్స్ వ్యాసం రాశావు. మొదటి వాక్యం: ‘భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం.’ నిజమే, ఎవరు కాదన్నారు? కానీ రెండో పేజీ సగానికొచ్చేదాకా జీడిపిక్క కనబడలేదు. ఈ రెండూ ఒకే చేతి రాత అంటే నమ్మబుద్ధి కాలేదు.

‘జీడి పరిశ్రమ – సమస్యలు, పరిష్కారాలు’ అని పెట్టుకుంటే ఎంత చదివినా ఒడ్డు కనిపించదు. గడువు దగ్గరపడ్డాక గుండె దడదడలాడేది అందుకే. చిన్న ప్రశ్న ఒకటి పట్టుకో. మీ అమ్మగారు పదేళ్లకు పైగా చేస్తున్న జీడి పనిలోనే అది ఉంది. గుండు పప్పుకు, అంటే విరగని జీడిపప్పుకు, గ్రేడు కట్టేది లెక్కను బట్టి. 320 రకం అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగుతాయి. 180 రకం అంటే గుండ్లు పెద్దవి, ధరా ఎక్కువే. పప్పు విరిగి బద్ద అయిందా, ఆ వరుసలోంచి తప్పుకుని ధర పడిపోతుంది. మరి ఆ విరగడం ఎవరి ఖాతాలో పడుతుంది? పిక్క సరిగా ఎండకపోయినా, యంత్రం సరిగా లేకపోయినా పప్పు తీసేవాళ్ల కూలి తగ్గుతుందా? కూలి కిలో లెక్కనా, రోజు లెక్కనా? మీ వీధిలో నలుగురిని అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాసుకో. ఐదు పేజీల వ్యాసానికి ఇంతకంటే ఏం కావాలి? 2018 అక్టోబరు తిత్లీ తుఫాను గురించి రాయడమంటే నీకు ప్రాణమని తెలుసు. తోటలు పడిపోయాక పిక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక పేరాలో చెప్పు, చాలు. అంతకు మించితే అది వేరే వ్యాసం.

తెలుగు పేపరుకు రాసినది చదివి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ‘గిడుగు రామమూర్తి పంతులు గారు తెలుగు భాషకు చేసిన సేవ ఎనలేనిది, మరువలేనిది, కొనియాడదగినది’ అన్నావు. చివరి మూడు మాటలూ కొట్టేసి చూడు. ఒక పేరు మిగిలింది, సేవ ఏమిటో తెలియలేదు. ఆ తరువాత 1863లో పర్వతాలపేటలో పుట్టుక, పర్లాకిమిడిలో ఉద్యోగం. మీ లెక్చరర్‌కు ఇవన్నీ కంఠతా వచ్చు. ‘ఉద్యమము నిర్వహింపబడినది’ అని ఇంకో చోట. ఎవరు నిర్వహించారు, ఎవరితో తలపడ్డారు, దేనికి?

దేనికంటే, సరిగ్గా నీలాంటి విద్యార్థుల వ్యాసాల కోసం. మద్రాసు విశ్వవిద్యాలయం కింద చదివే పిల్లలు తెలుగు వ్యాసాన్ని గ్రాంథికంలో రాయాలా, వాడుక భాషలో రాయవచ్చా అన్నది ఆనాటి రగడలో పెద్ద అంశం. 1913లో గిడుగు ఆధునిక తెలుగు తరఫున విజ్ఞాపన రాస్తే, జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని వెనకేసుకొచ్చారు. 1914లో గురజాడ వాడుక భాష వైపు నిలబడి, విశ్వవిద్యాలయం వేసిన వ్యాసరచన ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ అసమ్మతి పత్రం ఇచ్చారు. (తెలుగు గురించిన ఈ పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉండటం వేరే తమాషా.) అంటే నూరేళ్ల కిందట నీ పక్షాన వాదించిన గిడుగు గురించి, ఆయన వద్దన్న బాణీలోనే నువ్వు రాస్తున్నావు. ఇక్కడి నుంచే మొదలుపెట్టు. ‘1913లో ఒక వ్యాసం ఏ తెలుగులో ఉండాలన్న తగువు’ అని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే మిగతాది దానంతటదే నడుస్తుంది. పుట్టిన ఊరు ఎక్కడో ఒక చోట ఇమిడిపోతుంది.

మూడోది పర్యావరణం పేపరన్నావు. దాన్ని శుభ్రంగా, తప్పుల్లేకుండా రాసి ఇచ్చేయి. అన్నింటికీ ప్రాణం పెట్టనక్కరలేదు.

రాసే పద్ధతి గురించి అడిగావు. ముందు నీకు బాగా తెలిసిన పేరా రాయి, అది మధ్యలో వచ్చేదైనా సరే. ఉపోద్ఘాతం చివర రాయి. ఏం చెప్పావో నీకే తెలియకముందు దాన్ని పరిచయం చేయడం వల్లే ఆ వ్యవసాయ ప్రధాన దేశాలు పుట్టుకొస్తాయి. ప్రశ్న దొరకగానే లెక్చరర్ దగ్గరికి వెళ్లి, ‘దీని మీద రాస్తాను సార్, సరిపోతుందా?’ అని అడుగు. వరండాలో రెండు నిమిషాల పని, వారం ఆదా. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో పాత వ్యాసాలు దొరుకుతాయి, ఫోనును అడిగితే కొత్తది కూడా రాసిస్తుంది. రెండింట్లోనూ ‘ఎనలేనిది, మరువలేనిది’ తప్పకుండా ఉంటుంది. మీ అమ్మగారి కూలి లెక్క మాత్రం ఉండదు.

ఇంకొకటి. ఈ నెలలో శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం, కథానిలయం వైపు వెళ్లకు. 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు దాన్ని నెలకొల్పినప్పటి నుంచి, పని మీద వెళ్లి కథల్లో మునిగిపోయినవాళ్లు చాలామందే ఉంటారు. పరీక్షలయ్యాక రోజంతా కూర్చో.

జీడి వ్యాసం మళ్లీ రాశాక పంపు. మొదటి పేజీ లేకుండా పంపినా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
మాస్టారు