కుందేళ్ల షెడ్డా, డిగ్రీయా?

దేవరకొండ నుంచి ఒక తండ్రి రాశారు: "మా అబ్బాయి బైపీసీ పూర్తి చేశాడు. నీట్‌లో ర్యాంకు రాలేదు. ఇంటి వెనుక నాలుగు గూళ్లు కట్టి మాంసం కుందేళ్లు పెంచుతానంటున్నాడు. మూడు లక్షలు అప్పు తెచ్చి యాభై కుందేళ్ల యూనిట్ పెట్టించమంటారా, డిగ్రీలో చేర్చమంటారా?"

ఏటా ఫలితాలు వచ్చిన నెలలో నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తుంటాయి. నిరుడు కడక్‌నాథ్ కోళ్ల గురించి అడిగారు, అంతకుముందు పుట్టగొడుగుల గురించి. మీరు అడిగింది కుందేళ్ల గురించే అయినా, బంధువులు అడిగితే ఏం చెప్పాలన్నదే మీ అసలు బెంగ. పద్దెనిమిదేళ్ల వాడికి ఒక ర్యాంకు రానంత మాత్రాన ఏ దారీ మూసుకుపోదు, కాబట్టి ముందు ఆ బెంగ వదలండి.

కాగితం మీద కుందేలు లెక్క ఎవరినైనా మురిపిస్తుంది. చూలు ముప్పై ఒక్క రోజులు, ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు, పన్నెండు వారాలకు రెండు కిలోల బరువు. కానీ కోస్తే అందులో చేతికొచ్చే మాంసం సుమారు కిలో మాత్రమే. పైగా చెమట పట్టని ఈ జీవి ఒంటి వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకుంటుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే మగవాటి సంతానశక్తి పడిపోతుంది, మన నల్లగొండ మే నెల ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఆదివారం మటన్ దుకాణం ముందు నిలబడేవారిలో కుందేలు మాంసం అడిగేవారు ఎందరో మీరే ఒకసారి చూసి రండి. "పిల్లలను మేమే కొంటాం" అని ఒప్పందం రాసిచ్చిన ఒక సంస్థను నమ్మిన కుటుంబాన్ని నేనెరుగుదును. రెండో విడతకే ఫోన్లు ఎత్తడం మానేశారు, ఆ గూళ్ల మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నారు.

కటువుగా అంటున్నాను, మన్నించండి. మీ అబ్బాయి అడిగింది నాలుగు గూళ్లు; యాభై కుందేళ్లూ, మూడు లక్షల అప్పూ మీ మాటలు. పోయిన ర్యాంకును షెడ్డుతో పూడ్చుకోవాలన్న తొందర మీది, వాడిది కాదు.

ఒక మగ, మూడు ఆడ కుందేళ్లను వేపచెట్టు నీడన పెట్టించండి. (చేలలో దొరికే చెవులపిల్లిని మాత్రం పట్టి తేవద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.) ఈనే ముందు తల్లి తన పొట్ట మీది బొచ్చు పీకి పెట్టెలో పరుచుకుంటుంది, పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తల్లి సాధారణంగా రోజుకు ఒక్కసారే పాలిస్తుంది, వదిలేసిందని కంగారుపడి వాటిని కదిలించవద్దని అబ్బాయికి చెప్పండి. తాను పెంచినదాన్ని తానే కోయాల్సిన రోజున మీరు పక్కన ఉండండి; చేయలేనంటే నవ్వకండి. ఈ పనికి పొద్దున గంట, సాయంత్రం గంట చాలు, కనుక డిగ్రీకి అడ్డు రాదు. ఈలోగా దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్) రిజిస్ట్రేషన్ గడువు దాటిపోకుండా చూసుకోండి.