పాత కారుకి అతుకులు: ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు

మిషిగన్‌కి కొత్తగా వచ్చిన మన విద్యార్థులు తరచూ అడిగే మాట ఇది. "అన్నయ్యా, సీనియర్ దగ్గర పాత హోండా సివిక్ కొన్నాను. ఏదో శబ్దం వస్తోందని షాపుకి తీసుకెళ్తే ఎనిమిది వందల డాలర్లు అంటున్నారు. ఏదో ఒక టేపు చుట్టి ఈ సెమిస్టరు లాగించేయొచ్చా?"

చాలా వాటికి లాగించేయొచ్చు. కొన్నిటికి ఒక్క రోజు కూడా కుదరదు. ఏది ఏదో తెలియకే మన పిల్లలు అనవసరంగా చేతి చమురు వదిలించుకుంటున్నారు, లేదా ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు.

ముందు ఇక్కడి సంగతి ఒకటి తెలుసుకోవాలి. మిషిగన్‌లో సొంత కార్లకి ఏటేటా తనిఖీ అంటూ లేదు. మీ బండి కింద ఏం పాడైందో ప్రభుత్వం తరఫున చూసి చెప్పేవాళ్లు ఉండరు. పైగా చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారుని కిందినుంచి తినేస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. బ్రేకు ఆయిల్ మోసే సన్నటి లోహపు గొట్టాలు బండి పొడవునా ఆ కిందే ఉంటాయి. తుప్పు పట్టి ఒకచోట చిల్లి పడిందా, పెడల్ నేలకి ఆనిపోతుంది. అందుకే కొన్న వారంలోనే ఏదైనా షాపులో బండిని లిఫ్టు మీదికి ఎక్కించి, బ్రేకు లైన్లు, ఇంధనం లైన్లు, సస్పెన్షన్ చూడమని అడగండి. దానికయ్యే ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

బండిని ఆపేవి, తిప్పేవి, నేలని పట్టుకునేవి, అంటే బ్రేకులు, స్టీరింగు, టైర్లు, వీటి జోలికి సొంత అతుకులతో వెళ్లకండి. టైరుకి మధ్యలో మేకు దిగితే ప్లగ్ వేయించుకోవచ్చు, పక్క గోడకి దెబ్బ తగిలితే టైరు మార్చాల్సిందే. పొగగొట్టానికి పడే చిల్లిని కూడా నేను ఈ జాబితాలోనే కలుపుతాను. చలికి అద్దాలన్నీ మూసుకుని నడుపుతాం. కింద లీకయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. బండిలో కూర్చున్నప్పుడల్లా తలనొప్పి, మగత వస్తుంటే నిద్ర చాలలేదని సరిపెట్టుకోకుండా వెంటనే అద్దాలు దించి, బండి ఆపి దిగిపోండి. ఆ చిల్లికి వెల్డింగ్ చేయించేదాకా దాన్ని బయటికి తీయొద్దు.

ఇక అతుకు బాగా పనికొచ్చే చోటు రేడియేటర్ గొట్టాలు. పాత బండ్లు నడిరోడ్డు మీద మొరాయించడానికి ఈ గొట్టాలు చిట్లి ఇంజిన్ వేడెక్కడం ఒక పెద్ద కారణం. టెంపరేచర్ ముల్లు పైకి పాకడం చూడగానే ఏసీ ఆపి, హీటర్‌ని పూర్తి వేడికి, ఫ్యాన్‌ని పూర్తి వేగానికి పెట్టి అద్దాలు దించండి. ఇంజిన్ వేడిలో కొంత లోపలికి వచ్చేస్తుంది, పక్కకి తీసి ఆపుకునేంత వ్యవధి దొరుకుతుంది. ముల్లు ఎరుపు దాకా వెళ్తే ఇంకో మైలు కూడా నడపొద్దు. హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకీ పైభాగానికీ మధ్య ఉండే సీలు, పోయిందంటే ఆ రిపేరుకి బండి ఖరీదంత అవుతుంది.

ఆపాక తొందరపడి రేడియేటర్ మూత తిప్పకండి, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాక టార్చి వేసి చూడండి. గొట్టం ఎక్కువగా క్లాంపు దగ్గరే చిట్లుతుంది. మిగతా గొట్టం గట్టిగానే ఉంటే క్లాంపు వదులుచేసి, చిట్లిన కొనని అంగుళం మేర తిన్నగా కోసేసి, మిగిలినదాన్ని మళ్లీ అదే చోట తొడిగి బిగించండి. పొడవు సరిపోతే ఇంతకన్నా మంచి అతుకు లేదు. చీలిక మధ్యలో ఉంటే దానికదే అంటుకునే సిలికాన్ టేపు దొరుకుతుంది. గొట్టాన్ని పొడిగా తుడిచి, టేపుని బాగా సాగదీస్తూ, చుట్టు మీద చుట్టు పడేలా, చీలికకి రెండు వైపులా దాటేదాకా చుట్టాలి. మామూలు డక్ట్ టేపు ఆ వేడికి నిలవదు. తర్వాత నీళ్లు పోసుకుని నెమ్మదిగా ఇల్లు చేరొచ్చు. కానీ జనవరిలో ఆ ఉత్త నీళ్లని రాత్రంతా అందులో ఉంచితే గడ్డకట్టి ఇంజిన్ బ్లాకునే పగలగొడతాయి. అదే రోజు కొత్త గొట్టం వేసి, కూలెంట్, నీళ్లు సగం సగం కలిపి పోయండి.

బంపర్ పగిలితే రెండు పక్కలా రంధ్రాలు చేసి జిప్ టైలతో కుట్టేయండి, ఎవరూ ఏమీ అనరు. వెనక ఎర్ర లైటు గాజు పగిలితే అలా వదిలేయకండి, తెల్ల వెలుగు కనిపిస్తే పోలీసులు ఆపుతారు. దానికని అమ్మే ఎర్ర టేపు అతికించండి. బ్యాటరీ కొనలకి పట్టిన తెల్లటి పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగితే సగం స్టార్టింగ్ టెన్షన్లు పోతాయి. కేబుళ్లు విప్పేటప్పుడు ముందు నెగెటివ్.

చెక్ ఇంజిన్ లైటు మీద నల్ల టేపు వేసుకునేవాళ్లని చూశాను. అది వద్దు. 1996 నుంచి ఇక్కడ అమ్మిన పెట్రోలు కార్లన్నిటికీ స్టీరింగు కింద ఓబీడీ సాకెట్, అంటే ఇంజిన్ లోపాల కోడ్ చదివే చోటు, ఉంటుంది. చాలా విడిభాగాల దుకాణాల్లో కోడ్ ఉచితంగానే చదివి పెడతారు. ఒక్కోసారి పెట్రోలు మూత వదులైనా ఆ లైటు వెలుగుతుంది. అయితే కోడ్ చెప్పేది లక్షణాన్ని, ఏ భాగం మార్చాలో కాదు. పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదనే పి0420 కోడ్ వచ్చిందని వెంటనే ఖరీదైన కన్వర్టర్ కొనేయొద్దు, ముందు సెన్సర్లు, లీకులు చూపించండి. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం, గట్టిగా ఉన్నట్టు, బండి పక్కన పెట్టేయండి.

2001 నుంచి 2005 దాకా వచ్చిన చాలా సివిక్‌లకి ఇంజిన్ లోపలి భాగాల్ని ఒక లయలో తిప్పే టైమింగ్ బెల్టు ఉంటుంది, 2006 నుంచి చెయిను. బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్లని అడగండి. అది తెగాక చేయగలిగే అతుకేమీ లేదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని పైసా ఖర్చు లేనిది. కారు విన్ నంబరు, 17 అక్షరాలూ అంకెలూ, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొట్టి రీకాల్, అంటే తయారీ లోపానికి కంపెనీ ఉచితంగా చేయాల్సిన రిపేరు, ఏమైనా మిగిలిందా చూడండి. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు వేడికీ తేమకీ లోపలి పేలుడు మందు పాడై, పేలినప్పుడు ఇనుప ముక్కలు విసురుతాయి. అమెరికాలో రెండు డజన్లకు పైగా ప్రాణాలు పోయాయి. మన పిల్లలు కొనే పాత హోండాలు, టయోటాలు ఆ జాబితాలో చాలా ఉన్నాయి. బండి ఎన్ని చేతులు మారినా ఆ కంపెనీ డీలర్ ఉచితంగా మార్చి ఇస్తాడు. ఇంత తేలికైన పనిని వాయిదా వేస్తున్న పిల్లల్ని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

ఈ బండి మీ తర్వాత ఇంకో జూనియర్ చేతికే వెళ్తుంది. ఏ గొట్టం ఎప్పుడు మార్చారో, ఎక్కడ టేపు చుట్టారో ఒక కాగితం మీద రాసి రసీదులతో పాటు గ్లవ్ బాక్సులో పెట్టి అతనికి చూపించండి. టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, మార్పిడికి సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి ఇద్దరూ కలిసే వెళ్లండి. నంబరు ప్లేటు మాత్రం విప్పి తెచ్చేసుకోండి. మిషిగన్‌లో అది బండితో పోదు, మీ పేరు మీదే ఉంటుంది.