మేడ మీదికి వైఫై అందకపోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. రౌటర్ కింది హాల్లో టీవీ వెనక ఉంది. మేడ మీద గదిలో 8 కూడా రావడం లేదు. రిపీటర్ (సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టె) కొని ఆ గదిలోనే పెట్టాం. గీతలు నిండుగా కనిపిస్తున్నాయి, వేగం మాత్రం అంతే. ఎందుకు?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఆ గీతలు ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య ఉన్న సిగ్నల్‌వి. రౌటర్ నుంచి రిపీటర్‌కు ఎంత అందుతోందో అవి చెప్పవు. పైగా చౌక రిపీటర్లలో రేడియో ఒక్కటే. రౌటర్ దగ్గర తీసుకోవడం, ఫోనుకు ఇవ్వడం ఒకే చానల్లో వంతులవారీగా జరగాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు తగిలించి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడే 200 దరిదాపుల్లోకి రాకపోతే నెట్ ఇచ్చినవాళ్లను అడగాలి, వైఫైని ఆడిపోసుకుని లాభం లేదు. సరిగ్గా 95 దగ్గర ఆగిపోతోందా? అయితే పోర్టు 100 ఎంబీపీఎస్‌దైనా అయ్యుండాలి, కేబుల్లో తీగైనా తెగి ఉండాలి. గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు.

కేబుల్ మీద బాగా వస్తే లోపం గాల్లోనే. వైఫై అనలైజర్ యాప్‌లో డీబీఎం అంకె చూడండి. అది సిగ్నల్ బలం, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 చాలా మంచిది. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిలకడగా నడుస్తుంది. మైనస్ 80కి వచ్చేసరికి కనెక్ట్ అయినట్టు కనిపిస్తుందే గానీ పని జరగదు. 3 డీబీ పడిపోతే అందే శక్తి సగమైపోయినట్టే. ఇనుప చువ్వల శ్లాబు, స్టీలు బీరువా, టీవీ వెనక రేకు అన్నీ అడ్డే.

రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి మెట్ల దగ్గర ఐదారడుగుల ఎత్తున పెట్టండి. రిపీటర్‌ను మెట్ల మలుపులోకి, మైనస్ 65 కంటే మెరుగ్గా ఉన్నచోటికి మార్చండి. చాలా ఇళ్లలో దీంతోనే సరిపోతుంది.

సరిపోకపోతే అసలు మందు తీగే. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. పూర్తి రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన సీసీఏ రకం చౌక, కానీ వంచితే విరుగుతుంది. పైన రెండో రౌటర్ పెట్టి, సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (మొదటి రౌటర్ నెట్‌ను వైఫైగా ఇవ్వడం మాత్రమే చేసేది) ఉంటే అది ఎంచుకోండి, మిగతాది అదే చూసుకుంటుంది. లేకపోతే దాని ఐపీని (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.1.2గా మార్చి (మొదటిది 192.168.1.1 అయితే), డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపి, కేబుల్‌ను వాన్ పోర్టుకు (బయటి నెట్ వచ్చేది) కాక లాన్ పోర్టుకు గుచ్చండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు రౌటర్లూ అడ్రసులు పంచుతాయి. కొన్ని ఫోన్లకు వైఫై ఉంటుంది, నెట్ ఉండదు. రెండింటికీ పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టండి, చానల్ మాత్రం వేరు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో అందరూ 1, 6, 11 చానళ్లలోనే ఉన్నారు. ఖాళీగా ఉన్న 3 వాడుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దు. 2.4 గిగాహెర్ట్జ్‌లో చానళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్, సిగ్నల్ వెడల్పు 20. అంటే 3లో కూర్చుంటే 1 వాళ్లూ, 6 వాళ్లూ ఇద్దరూ తగులుతారు. ఒకే చానల్లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతు కోసం ఆగుతాయి. సగం కలిసిన చానల్లో పక్కవాళ్ల మాట రొదగానే వినిపిస్తుంది, పంపినది పాడై మళ్లీ పంపాల్సి వస్తుంది. ఆ మూడింటిలో సిగ్నళ్లు బలహీనంగా ఉన్నది ఎంచుకుని, చానల్ వెడల్పు 20కే కట్టేయండి. ఫోన్లు, టీవీలు 5 గిగాహెర్ట్జ్‌లోకి మార్చండి. అది గోడలు దాటడంలో వెనకబడుతుంది, అపార్ట్‌మెంట్‌లో అదే మేలు. పక్కింటివాళ్ల సిగ్నల్ కూడా మీ దాకా అంతగా రాదు.

ప్రశ్న: కొత్త వైఫై కెమెరా మా రౌటర్‌కు కనెక్ట్ కావడం లేదు. పాస్‌వర్డ్ సరైనదే.
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఇలాంటి కెమెరాలు, బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. సెట్టింగుల్లో రెండు బ్యాండ్లకూ (2.4, 5 గిగాహెర్ట్జ్) వేరు పేర్లు పెట్టి, ఫోన్‌నూ 2.4 పేరులోకి తెచ్చి మళ్లీ జత చేయండి. వైఫై భద్రత పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంచుకుని ఉంటే డబ్ల్యూపీఏ2 కూడా అనుమతించండి, పాత చిప్‌లకు కొత్తది రాదు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా జత చేసే పద్ధతి) బటన్‌తో జత చేయమని డబ్బా మీద రాసి ఉన్నా సరే, దాన్ని రౌటర్‌లో ఆపేసే ఉంచండి. అందులోని ఎనిమిదంకెల పిన్‌ను ఊహించి పట్టుకోవడం తేలిక.