వదిలేశాక చూడకూడని ముక్క

బెంగళూరులో నగదు పోకర్ ఆడుతుండగా పాట్‌లో, అంటే బల్ల మధ్య పోగైన పందెం సొమ్ములో, 60 వేలు ఉన్నాయి. ఎదుటి ఆటగాడు 30 వేలు పెట్టాడు. మీకు ఫ్లష్‌కు, అంటే ఒకే రంగువి ఐదు ముక్కలు కావడానికి, ఒక్క ముక్క తక్కువ, పడవలసింది కూడా చివరి ముక్క ఒక్కటే. మీరు వదిలేశారు. తీరా చూస్తే ఆ ముక్కే వచ్చింది. వదలడం తప్పా అని అడిగారు.

తప్పు కాదు. 30 వేలు పెడితే గెలిచేది 90 వేలు. అంటే నాలుగుసార్లకు ఒకసారైనా ఆ ముక్క రావాలి. మీ చేతిలో రెండు, బల్ల మీద పరిచిన నాలుగు పోగా మీకు కనిపించని ముక్కలు 46, వాటిలో మీ రంగువి 9. ఐదుసార్లకు ఒకసారి కూడా నిండుగా రాదు. ముక్క పడ్డాక అతని దగ్గర సగటున మరో 33 వేలైనా రాబట్టగలననే నమ్మకం ఉంటే తప్ప అది కొనదగిన ధర కాదు. మీ ప్రశ్నకు జవాబు ఇంతే.

నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. మీ ఎదుట ఉన్నది ఒక్కరే. మీరు వదిలేయగానే ఆ ఆట ముగిసింది. చివరి ముక్క పరచవలసిన పనే లేదు. మరి అది మీ రంగేనని మీకెలా తెలిసింది? పంచే మనిషిని బతిమాలి తిప్పించుకున్నారు. నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చేశాను.

2019 జూలై. నేను తిరుపతిలో ఉంటాను, మామిడి వ్యాపారం మాది. సీజను చివర చేతిలో డబ్బు ఆడుతున్న రోజుల్లో మా బావమరిది నన్ను బెంగళూరులో ఒక క్లబ్బుకు తీసుకువెళ్లాడు. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టవలసిన పందేలు, 500, 1000. లక్షతో కూర్చున్నాను. రెండు గంటలు బాగానే గడిచాయి. తర్వాత చేతికి ఇస్పేటు జాకీ, ఇస్పేటు పది వచ్చాయి. 3 వేలకు పెంచితే ఎదుట ఒక పెద్దాయన మాత్రం మిగిలాడు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఆఠీను రాజు, ఇస్పేటు ఆరు, ఇస్పేటు మూడు పడ్డాయి. ఆయన 6,500 పెట్టాడు, నేనూ పెట్టాను. నాలుగోది డైమను రెండు. నాకు దేనికీ పనికిరాలేదు. ఆయన తొందరపడకుండా 20 వేలు ముందుకు తోశాడు. ఆయన దగ్గర ఇక మిగిలింది 30 వేలు.

చాలాసేపు ఆలోచించాను. నా 20 వేలకు వచ్చేది దాదాపు 40 వేలు, అంటే మూడుసార్లకు ఒకసారి గెలవాలి. నాకున్నది ఐదుకు ఒకటి. ఇస్పేటు పడి, ఆయన మిగిలిన 30 వేలూ నాకే ఇచ్చుకున్నా లెక్క సరిపోదు. ముక్కలు పారేశాను. ఆ రాత్రి నేను చేసిన అన్ని పనుల్లోనూ అదొక్కటే నికార్సైన పని.

అక్కడితో ఊరుకోలేదు. ‘ఆ చివరిది ఒకసారి చూపించండి’ అన్నాను. కుర్రాడు తిప్పాడు. ఇస్పేటు నాలుగు.

ఆ నాలుగు నా కళ్ల ముందు నుంచి కదలలేదు. బావమరిది నా భుజం మీద చెయ్యి వేసి, ‘ఇంటికి వచ్చిన లక్ష్మిని వెనక్కి పంపావు బావా’ అన్నాడు. అరగంట తర్వాత మళ్లీ అలాంటి ఆటే వచ్చింది, అంతకన్నా చెడ్డ ధరకు. ఈసారి వదల్లేదు. ముక్క రాలేదు. ఆ తర్వాతిదీ వదల్లేదు. తెల్లవారుజామున 3 గంటలకు లక్ష అయిపోయింది, ఫోనులో పంపించి కొన్న రెండో లక్షా అయిపోయింది. ఆ రెండో లక్ష మా కోత కూలీలకు శనివారం ఇవ్వవలసిన డబ్బు. కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి చిత్తూరు చేరేసరికి తెల్లవారింది. దారి పొడవునా నేను తలచుకున్నది పోయిన రెండు లక్షలను కాదు, ఆ ఇస్పేటు నాలుగును.

లక్ష్మిని వెనక్కి పంపావు అనే ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచడం మన దగ్గర పెద్ద జబ్బు. దామలచెరువు మండీలో మా నాన్న పూత దశలోనే తోటలు గుత్తకు తీసుకునేవారు. గాలివానకు కాయంతా రాలిన ఏడు కూడా ‘ధర సరిగ్గానే కట్టాను, వాన నా చేతిలో లేదు’ అని మరుసటి ఏడు అదే లెక్కతో మళ్లీ కట్టేవారు. చుట్టాలు మాత్రం లాభం వస్తే తెలివి అనేవారు, నష్టం వస్తే బుద్ధి లేదనేవారు. లెక్క రెండేళ్లూ ఒకటే. పోకర్ గురించి నాకు తెలిసిన మంచి మాట ఏదైనా ఉంటే అది మా నాన్న దగ్గర విన్నదే, ఆయన జీవితంలో పేక ముట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. తిరుపతిలో ఈ ఆట గురించి నోరు విప్పితే చాలు, ‘ఇది నైపుణ్యం ఆట, సుప్రీంకోర్టే చెప్పింది’ అంటారు. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో కోర్టు చెప్పింది రమ్మీ గురించి. మూడు ముక్కలాటలా అది పూర్తిగా అదృష్టం కాదని చెప్పింది. ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఆ సగం ఎవరికీ గుర్తుండదు. మన రాష్ట్రం 2020లో చట్టం మార్చి ఆన్‌లైన్ పందేలు ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడలేదు. అసలు ఆటలో నైపుణ్యం ఉందంటే అది నాకు ఉందని అర్థం కాదు కదా! పైగా పాట్‌లోంచి క్లబ్బు తన వాటా తీసుకుంటూ ఉంటుంది. బల్ల చుట్టూ ఉన్నవారంతా సమానంగా ఆడితే పోనుపోను అందరూ ఓడతారు.

టోర్నమెంటులో డబ్బు పట్టుకుని మధ్యలో లేచిపోలేరు. నగదు ఆటలో ఏ క్షణమైనా లేవవచ్చు, ముందున్న బిళ్లలన్నీ డబ్బే. ఈ వెసులుబాటును వాడుకునేవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. నన్ను గెలిచిన పెద్దాయన వాడుకున్నాడు. ఒంటిగంటన్నరకు, బాగా గెలుస్తూ ఉండగానే, కళ్లు మూతలు పడుతున్నాయని చెప్పి బిళ్లలు మార్చుకుని వెళ్లిపోయాడు. అప్పుడు ఆయనను పిరికివాడనుకున్నాను.

కూలీల డబ్బు నా భార్య గాజులు కుదువపెట్టి ఇచ్చాను. విడిపించేసరికి నవంబరు అయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

మీరు వదిలిన ఆటను పైసల్తో సహా రాశారు. ఆ ముక్క చూశాక ఇంకెన్ని గంటలు కూర్చున్నారో, ఎంత పోయిందో మాత్రం రాయలేదు. దయచేసి అది రాయండి.