ఆదివారం చీటీ, సోమవారం ప్రార్థన: పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి ఏడు నెలలైంది. చదువు బాగానే సాగుతున్నది గానీ ఇక్కడి మనుషులే నాకు అర్థం కావడం లేదు. ఒక ఆదివారం పచ్చడి కోసం మిక్సీ వేస్తే, కింది అంతస్తులో ఉండే పెద్దావిడ తలుపు తట్టి చెప్పకుండా, “ఈ రోజు ఆదివారం” అని రాసిన చీటీ అంటించి వెళ్లారు. మెట్ల మీద ఎంత ఆప్యాయంగా పలకరించినా ఒక్క “హలో”తో సరిపెడతారు. మా ప్రొఫెసరుగారు నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తారు. సెలవు వస్తే తెలుగు విద్యార్థులమే కలుసుకుని వండుకుని తింటున్నాము. ఈ ఊరి సంస్కృతి ఏమిటో తెలియకుండానే తిరిగి వచ్చేస్తానేమోనని దిగులుగా ఉన్నది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక విద్యార్థిని, లైప్‌జిగ్

సమాధానం: ఆ చీటీ దగ్గరే మొదలుపెట్టండి. అందులోని మూడు మాటల వెనుక ఒక రాజ్యాంగ నిబంధన ఉన్నది. ఆదివారాలూ పండుగ రోజులూ శ్రమ నుంచి విశ్రాంతికీ, మనసు ఉన్నతికీ కేటాయించిన దినాలని, వాటికి చట్టం రక్షణ ఉంటుందని 1919 నాటి వైమర్ రాజ్యాంగం 139వ అధికరణంలో రాసుకున్నారు. 1949లో పశ్చిమ జర్మనీలో కొత్త రాజ్యాంగం రాసినప్పుడు ఆ వాక్యాన్ని 140వ అధికరణం ద్వారా అలాగే నిలుపుకున్నారు. 1990లో రెండు జర్మనీలు ఒకటైన నాటి నుంచి అది లైప్‌జిగ్‌కూ వర్తిస్తున్నది. అందుకే ఆ రోజు రైల్వే స్టేషన్‌లోని అంగళ్లు, కాసేపు తెరిచే రొట్టెల కొట్లు వంటివి తప్ప దుకాణాలు మూసి ఉంటాయి; గోడకు మేకు కొట్టరు; ఖాళీ గాజు సీసాలను వీధి డబ్బాలో పడేసినా చప్పుడవుతుందని సోమవారం దాకా ఆగుతారు.

మన ఊళ్లో అయితే పక్కింటి పిన్నిగారు గుమ్మంలో నిలబడి “ఏమ్మా, ఆదివారం పూట కూడా రుబ్బేనా?” అని అడిగి, పచ్చడి కాస్త చేతిలో వేయించుకుని వెళ్లేవారు. లైప్‌జిగ్‌లో పిలవకుండా ఎదుటివారి గుమ్మం దాకా రాకపోవడమే మర్యాద. నేను అక్కడ చదువుకున్న మూడేళ్లలో నాకూ అలాంటి చీటీలు రెండు వచ్చాయి. మొదటిది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. రెండోది వచ్చే నాటికి, ఇంటి యజమానికి ఫిర్యాదు చేయకుండా నాకే చెప్పినందుకు కృతజ్ఞత కలిగింది. ఒక శనివారం నాలుగు అరిసెలు పళ్లెంలో పెట్టుకుని వెళ్లి, తెలియక చేశానని ఆవిడతో చెప్పండి. ఆవిడ లోపలికి రమ్మనకపోయినా నొచ్చుకోకండి.

ఇక పిలుపుల సంగతి. జర్మన్‌లోని “డూ”, “జీ” అనే మాటలు మన “నువ్వు”, “మీరు”లకు సమానమని మొదటి పాఠంలోనే చెబుతారు గానీ, ఆ పోలిక సగమే నిజం. మనకు వయసునూ వరుసనూ బట్టి మర్యాద ఒకవైపే సాగుతుంది: చిన్నవారు “మీరు” అంటారు, పెద్దవారు “నువ్వు” అంటారు. అక్కడ వయసు వచ్చిన ఇద్దరు పరాయివారి మధ్య అది రెండు వైపులా ఒకటిగానే ఉంటుంది. అరవై ఏళ్ల ఆచార్యులు ఇరవై రెండేళ్ల విద్యార్థినిని ఇంటిపేరుతో, “జీ”తో పిలవడంలో నాకు దూరం కనిపించదు; ఎదిగిన మనిషిగా ఇచ్చే గౌరవమే కనిపిస్తుంది. మన కళాశాలలో చేరిన మొదటి రోజున మిమ్మల్ని “మీరు” అన్న అధ్యాపకులు ఎందరో గుర్తు చేసుకోండి. “డూ”కు మారుదామన్న మాట మాత్రం పెద్దవారి నోటి నుంచే రావాలి. అది వచ్చిన రోజును చాలామంది ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు. ఆంటీ, అన్నయ్య వంటి వరుసల పిలుపులు అక్కడ పరాయివారి మధ్య చెల్లవు కనుక, మనకు ఒక్క పూటలో కుదిరే దగ్గరితనానికి అక్కడ ఏడాది పడుతుంది.

ఊరి సంస్కృతి అన్నారు. అది లైప్‌జిగ్‌లో మాటల్లో కంటే, నియమంగా జరుగుతూ వస్తున్న పనుల్లో దొరుకుతుంది. పాఠాలున్న కాలంలో శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు గానీ, శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు గానీ సెయింట్ థామస్ చర్చికి వెళ్లండి. 1212 నుంచి ఉన్న బాలుర గాయక బృందం అక్కడ పాడుతుంది. పాశ్చాత్య సంగీతంలో పేరెన్నికగన్న స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723 నుంచి 1750లో మరణించేదాకా ఆ బృందానికి గురువు. ఆయన సమాధి కూడా ఆ చర్చిలోనే ఉన్నది. అక్కడి నుంచి కాసేపు నడిస్తే గెవాంట్‌హౌస్ సంగీత మందిరం వస్తుంది. మన సంగీతం తంజావూరు, విజయనగరం సంస్థానాల వంటి ఆస్థానాల నీడన పెరిగిందని చదువుకున్న నాకు, ఆ మందిరపు వాద్యబృందాన్ని 1743లో ఊరి వర్తకులు తమ డబ్బుతో నిలబెట్టారని తెలిసినప్పుడు ఎంతో ఆశ్చర్యం కలిగింది. గెవాంట్‌హౌస్ అంటేనే బట్టల వర్తకుల భవనం.

అన్నిటికంటే ముఖ్యంగా, ఒక సోమవారం సాయంత్రం ఐదు గంటలకు సెయింట్ నికొలస్ చర్చిలో కూర్చోండి. తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం కింద ఉన్న రోజుల్లో, 1982 నుంచి, అక్కడ ప్రతి సోమవారం శాంతి ప్రార్థనలు జరుగుతూ వచ్చాయి. 1989 అక్టోబరు 9న ఆ ప్రార్థన ముగిసి జనం బయటికి వచ్చేసరికి వీధులు నిండిపోయి ఉన్నాయి. పోలీసులు కాల్పులు జరుపుతారన్న భయం ఊరంతా ఉన్నది. గెవాంట్‌హౌస్ సంగీత నిర్దేశకుడు కుర్ట్ మజూర్‌తో పాటు మరో ఐదుగురు కలిసి ఇచ్చిన శాంతి పిలుపును లౌడ్‌స్పీకర్లలో వినిపించారు. దాదాపు 70,000 మంది కొవ్వొత్తులు పట్టుకుని, “మేమే ప్రజలం”, “హింస వద్దు” అంటూ నగరం చుట్టూ ఉన్న వలయ మార్గంలో నడిచారు. ఒక్క తుపాకీ పేలలేదు. సరిగ్గా నెల రోజులకు, నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరుచుకున్నది. ఇప్పటికీ ఏటా అక్టోబరు 9న ఊరి ప్రజలు కూడలిలో దీపాలు వెలిగిస్తారు.

ఇది మీ చీటీకి సంబంధించిన సంగతే. మనం “గోడలకు చెవులుంటాయి” అని సామెతగా అంటాము. ఆ ఊరివారు నలభై ఏళ్లు దానిని అక్షరాలా అనుభవించారు. రహస్య పోలీసుల కార్యాలయం వలయ మార్గం పక్కనే ఉండేది. నేడు అది మ్యూజియం, తప్పకుండా చూడండి. ఎవరు ఏం విని ఎక్కడ చేరవేస్తారో తెలియని కాలంలో ఎదిగిన మనిషి, పరిచయం లేనివారితో మాటను ఆచితూచి వాడటంలో వింతేమున్నది? మీ కింది అంతస్తు పెద్దావిడ ఆ ఊరివారే అయి, వయసు అరవై దాటి ఉంటే, కాస్త చనువు ఏర్పడిన తరువాత, ఆ సాయంత్రం ఎక్కడ ఉన్నారని అడగండి. నేను అడిగినప్పుడు మా ఇంటి యజమానురాలు లేచి వెళ్లి, అల్మారాలోంచి సగం కాలిన కొవ్వొత్తి తెచ్చి బల్ల మీద పెట్టారు. అప్పటికి ఆవిడ ఇంట్లో నేను అద్దెకు ఉండి పద్నాలుగు నెలలైంది.

ప్రశ్న: మా అమ్మాయి కూడా లైప్‌జిగ్‌లోనే చదువుతున్నది. అక్కడి గాయక బృందంలో చేరి చర్చిలో పాడతానంటున్నది. మాది పూజలూ వ్రతాలూ చేసుకునే ఇల్లు. ఒప్పుకోవచ్చునా?
— ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: నిస్సంకోచంగా ఒప్పుకోండి అమ్మా. లైప్‌జిగ్ జనాభాలో అత్యధికులు ఏ చర్చిలోనూ సభ్యులు కారు. అయినా బాఖ్ 1734లో కూర్చిన క్రిస్మస్ సంగీతాన్ని డిసెంబరు వస్తే వాళ్లంతా చర్చి బల్లల మీద ఒత్తుగా కూర్చుని వింటారు. పాడినంత మాత్రాన మతంలో చేరినట్టు కాదు, ఎవరూ చేరమని అడగరు కూడా. మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథస్వామి ఎదుట నాదస్వరం వాయించారు. ఆయన ముస్లింగానే జీవించారు, స్వామికి ఆ నాదమూ అందింది. మీ అమ్మాయి పాడే రోజు తప్పకుండా వీడియోలో చూడండి.

ప్రశ్న: సహవిద్యార్థి ఒకరు వాళ్ల కుటుంబం తోటకు ఆదివారం కాఫీకి రమ్మన్నారు. ఊరి మధ్యలో ఈ చిన్న చిన్న తోటలేమిటి? ఏమి తీసుకువెళ్లాలి?
— ఒక విద్యార్థి, లైప్‌జిగ్

సమాధానం: మిమ్మల్ని తోటకు పిలిచారంటే ఇంటికి పిలిచినట్టే. వీటికి ష్రేబర్ తోటలని పేరు. అవి పుట్టింది ఆ ఊళ్లోనే. మొరిట్స్ ష్రేబర్ అనే వైద్యుని పేరుతో 1864లో హౌషిల్డ్ అనే బడి ప్రధానోపాధ్యాయుడు సంఘం పెట్టి, కిక్కిరిసిన పారిశ్రామిక నగరంలోని పిల్లలకు ఆటస్థలం ఏర్పాటు చేశారు. దాని అంచున గెసెల్ అనే ఉపాధ్యాయుడు పిల్లల చేత మొక్కలు నాటించారు. పిల్లలు నీళ్లు పోయడం మరిచిపోతే తల్లిదండ్రులు అందుకున్నారు, మడులు కుటుంబాల తోటలయ్యాయి. చట్టం ప్రకారం ఒక్కో తోట 400 చదరపు మీటర్లు మించరాదు, అందులోని గుడిసె 24 చదరపు మీటర్లు దాటరాదు, మూడో వంతు నేలలోనైనా కూరగాయలో పండ్లో పండించాలి. చెప్పిన సమయానికే వెళ్లండి. విశ్వవిద్యాలయంలో పాఠానికి ఉండే పావుగంట వెసులుబాటు తోట కాఫీకి లేదు. ఇంట్లో చేసిన తీపి ఏదైనా చాలు. మెంతి గింజలు గుప్పెడు పట్టుకెళ్లి ఎలా చల్లాలో చూపిస్తే, వచ్చే నెల మళ్లీ పిలుస్తారని నా నమ్మకం.

ప్రశ్న: లైప్‌జిగ్ పరిసరాలలో తెలుగుకు సంబంధించినది ఏదైనా ఉన్నదా?
— అదే విద్యార్థి

సమాధానం: ఉన్నది, అదీ చిన్నది కాదు. లైప్‌జిగ్ నుంచి లోకల్ రైలులో నలభై నిమిషాలు ప్రయాణిస్తే హాలే అనే ఊరు వస్తుంది. తెలుగు అక్షరం మొట్టమొదట అచ్చులో పుస్తకంగా వచ్చింది అక్కడే, 1746లో. బెంజమిన్ షుల్జ్ అనే మత ప్రచారకుడు 1719లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చి, 1726లో మద్రాసుకు చేరి, అక్కడ తెలుగు నేర్చుకుని, 1728 నాటికే లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశారు. 1743లో హాలేకు తిరిగి వెళ్లాక తెలుగు అచ్చు అక్షరాలు పోయించి చిన్న మత గ్రంథాలు ముద్రింపించారు. సి.పి. బ్రౌన్ పుట్టడానికి యాభై రెండేళ్ల ముందటి మాట ఇది. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె 1698లో స్థాపించిన అనాథ విద్యాలయ సముదాయంలో ఆ పని జరిగింది. ఆ భవనాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, దక్షిణ భారతం నుంచి వెళ్లిన తాటాకు ప్రతులను అక్కడే భద్రపరిచారు. పైకప్పు కింద వింత వస్తువుల గది ఒకటి, దానికి కాస్త దూరంలో రంగస్థలం తెరల వరుసలా బీరువాలు పేర్చిన పాత గ్రంథాలయం ఒకటి ఉన్నాయి. నేను వెళ్లిన రోజున అక్కడ కాపలా ఉన్న పెద్దాయనతో, నా మాతృభాష తెలుగు అని వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, “జీ” అంటూ, మూడు వందల ఏళ్ల నాటి ఆ గదిలోకి నన్ను తానే తీసుకువెళ్లారు.