మంచినీళ్ల దోమ, వాగునీళ్ల దోమ

ప్రశ్న: మా వీధిలో మురుగు కాలువలన్నింటికీ పైకప్పు వేశారు, చెత్తకుప్పలు కూడా లేవు. అయినా కిందటి సెప్టెంబరులో మా ఇంట్లో ముగ్గురికి, పక్కింట్లో ఇద్దరికి డెంగీ వచ్చింది. ఇంత శుభ్రంగా ఉన్నా ఎందుకిలా జరిగింది? మాకున్న ఇబ్బందల్లా కుళాయి నీళ్లు నాలుగు రోజులకొకసారి రావడమే.
– ఒక పాఠకురాలు, రాయలసీమ

జవాబు: మీ ప్రశ్నకు జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది. డెంగీని మోసుకొచ్చే ఈడిస్ ఈజిప్టి మురుగునీటి దోమ కాదు. కాళ్ల మీద తెల్లని చారలుండే ఈ దోమ, మనం వాడకానికి పట్టి ఉంచుకున్న తేటనీటినే కోరుకుంటుంది. మురుగులో పెరిగేది క్యూలెక్స్. దాని వల్ల బోదకాలు వస్తుంది గాని డెంగీ రాదు. కాలువలు కప్పించడం మంచి పనే, కానీ అది వేరొక జబ్బుకు చేసిన వైద్యం.

రోజూ కుళాయి వచ్చే ఇంట్లో రెండు బిందెలు నింపుకుంటే సరిపోతుంది. నాలుగు రోజులకొకసారి వచ్చే ఇంట్లో సంపు, డ్రమ్ములు, స్నానాల గది తొట్టి, చివరికి ఖాళీ పెయింటు డబ్బాలు కూడా నింపి పెట్టుకోక తప్పదు. మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు అడుగున మిగిలిన నీటిని పారబోసి డ్రమ్ము తోమడానికి ఎవరికీ మనసొప్పదు. పాతనీటి మీదే కొత్తనీరు పట్టుకుంటారు. మన వాతావరణంలో గుడ్డు రెక్కల దోమ కావడానికి 8 నుంచి 10 రోజులు చాలు. పైగా ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు, నీరు తగలగానే పొదుగుతాయి. అందువల్ల తొట్టిని ఖాళీ చేస్తే చాలదు, వారానికొకసారి లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. డెంగీని వానాకాలపు జబ్బుగానే లెక్కవేసేవారు నీటి ఎద్దడిని మరచిపోతున్నారని నా అభిప్రాయం.

ఒకే ఇంట్లో ముగ్గురికి రావడంలోనూ వింత లేదు. ఈ దోమ పగటిపూట కుడుతుంది, కుట్టేటప్పుడు కదిలిస్తే లేచి మరొకరి మీద వాలుతుంది, పుట్టిన చోటు నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి పోదు. కాబట్టి మీరెంత శుభ్రంగా ఉన్నా, పక్కన సగం కట్టి వదిలేసిన భవనపు లిఫ్టు గుంతలో నీరు నిలిస్తే మీ శ్రమ వృథా అవుతుంది. నాలుగు కుటుంబాలు అద్దెకుండే మేడ మీద ట్యాంకు మూత పగిలితే దాన్ని మార్పించవలసింది ఎవరన్నది తేలేలోపే మూడు తరాల దోమలు ఎగిరిపోతాయి. జ్వరం వచ్చిన తొలి 5 రోజులు రోగి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటుంది కనుక, వారిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టాలి. మన ఇళ్లలో దీన్ని పాటించేవారు అరుదు. ఇక పొగ యంత్రం సంగతి: అది ఆ పూట ఎగురుతున్న దోమలను చంపుతుంది గాని, తొట్టిలోని పురుగులను తాకదు, దండెం మీది బట్టల వెనుక దాగిన దోమల దాకా సరిగా చేరదు. వీధికి పొగ పట్టమని అడగడం కంటే, నీళ్లు ఏ రోజు ఏ వేళకు వస్తాయో కచ్చితంగా చెప్పమని అడగడం మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: మా గూడెంలో దోమతెరలు పంచారు, గోడలకు మందు కొట్టారు. అయినా మలేరియా పోలేదంటే గిరిజనుల నిర్లక్ష్యమే కారణమంటున్నారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, పాడేరు ప్రాంతం

జవాబు: ఆ మాట అనడం తేలిక, నిలబెట్టడం కష్టం. కొండ ప్రాంతాల్లో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మెల్లగా పారే వాగుల అంచుల్లో పెరుగుతుంది. తొట్టి కడిగినట్టు వాగును కడగలేము. పోడు పంటకు కాపలాగా మంచె మీద రాత్రి గడిపే మనిషికి ఇంట్లో వేలాడే దోమతెర అక్కరకు రాదు. గోడకు కొట్టిన మందు కొన్ని వారాలపాటు పనిచేయాలి, కానీ పండగకో పెళ్లికో ఇల్లు అలికితే అది మట్టి, పేడ కిందికి పోతుంది. అలకడం నిర్లక్ష్యం కాదు, శుభ్రత. పండగల తేదీలు గూడెం పెద్దలను అడిగి, అలికిన తరువాత మందు కొట్టేలా ఏర్పాటు చేసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఏజెన్సీలో ఎక్కువగా కనబడే ఫాల్సిపారం రకం మలేరియా, చికిత్స ఆలస్యమైతే మెదడుకు సోకి ప్రాణం తీయగలదు. కాబట్టి బడిపిల్లల్లో ఎవరికైనా జ్వరం కనబడితే, సంత రోజు దాకా ఆగకుండా అదే రోజు ఆశా కార్యకర్త చేత రక్తపరీక్ష చేయించండి.